జపనీస్ కంజి: పడవ పక్కన స్టూలున్న "కో" మీకెలా గుర్తుంటోంది?

మధురవాడ_మాధురి
జపనీస్ భాషా పరీక్ష జెఎల్‌పీటీలో ఎన్2 స్థాయికి చదువుతున్నానండీ. ఇక్కడ కంజి, అంటే చైనా నుంచి వచ్చిన జపనీస్ అక్షరాలు, పెడితే ఖాళీ డబ్బాలే కనిపిస్తున్నాయి కాబట్టి మాటల్లోనే చెప్తాను. ఎడమవైపు పడవ. కుడివైపు పైన ఒక చుక్క, దాని కింద అడ్డగీత, ఆ కింద రెండు కాళ్ల స్టూలు లాంటిది, రెండో కాలు బయటికి వంగి కొక్కెంలా పైకి లేస్తుంది. మొత్తం 10 గీతలు. ఉచ్చారణ "కో", అర్థం ఓడ నడపడం, సముద్రం మీద ప్రయాణం అని యాప్‌లో ఉంది. కార్డు మీద ఒక్కటే కనిపిస్తే టక్కున చెప్పగలను గానీ పేరాలో వచ్చేసరికి పడవ బొమ్మ చూసి మనసు "ఫునే" (పడవ అనే మాట) వైపు పోతోంది. దానికి తోడు కూకో అంటే విమానాశ్రయం, కోకూ అంటే విమానయానం. ఎవరో కావాలని ఇలా పెట్టారేమో అనిపిస్తోంది. ఇంతకీ విమానం మాటలో పడవ ఎందుకుందో ఎవరైనా చెప్పండి.

బోరబండ_బుల్లోడు
కూకో, కోకూ, కొక్కొరోకో. తెల్లారింది లేవండి మేడమ్.

నగోయా_నాయుడు
మాధురి గారూ, ముందు ఆ కూకో సంగతి తేల్చేద్దాం. కూకోలో ఉన్న "కో" ఇది కాదు. అది రేవు అనే కంజి, ఎడమవైపు మూడు నీటి చుక్కలు ఉంటాయి, విడిగా చదివితే మినాతో. ఆకాశానికి రేవు, అదే కూకో. మీరు అడిగిన కో ముందు వస్తే కోకూ. కాబట్టి నీటి చుక్కలుంటే ఆగే చోటు, పడవ ఉంటే కదిలే పని. వినేటప్పుడు తికమక అవుతుందేమో గానీ కంటికి మాత్రం రెండూ వేరు.

ఇక పడవ ఎందుకంటారా, విమానాలు రాకముందే ఈ అక్షరం ఉంది, ఓడ మీద దాటడానికే వాడేవారు. తర్వాత ఆకాశంలో పోవడానికి కొత్త అక్షరం చెక్కకుండా ఉన్నదానికే ఆకాశం తగిలించారు. మనమూ అంతే కదా, నౌకాయానం, విమానయానం, ఇప్పుడు అంతరిక్షయానం. నేనైతే కో అంటే "యానం" అనుకుని ముందుకెళ్లిపోయాను. జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా పూర్తి పేరు చూడండి, ఉచూ కోకూ కెంక్యూ కైహత్సు కికో. 2003లో మూడు సంస్థలను కలిపి పెట్టారు. రాకెట్లు ఎగరేసే వాళ్ల బోర్డు మీద కూడా ఈ పడవ ఉంటుంది.

బోరబండ_బుల్లోడు
యానం అంటే కాకినాడ పక్కనుండేదా అన్నా?

నగోయా_నాయుడు
అది యానాం తమ్ముడూ. దీర్ఘం పోతే ఊరే మారిపోతుంది. జపనీస్‌లోనూ అదే గోల, అందుకే అంటున్నా, దీర్ఘాలు రాసుకునేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలు పక్కన పెట్టి తెలుగులో రాసుకోండి. మనకు కొ, కో రెండూ వేరువేరుగా ఉన్నాయి. కొకొ అంటే ఇక్కడ, కోకో అంటే హైస్కూలు. ఓడ ప్రయాణించడానికి కూడా కోకో అనే మాట ఉంది, అందులో మొదటిది మన పడవ కో.

పలకాబలపం
పదేళ్లకు పైగా జపనీస్ పాఠాలు చెప్తున్నాను, ఈ అక్షరం దగ్గర పిల్లలు ఆగిపోవడం మామూలే. కారణం ఒకటుంది. దీనికి జోయో పట్టికలో (రోజువారీ వాడుకకు ప్రభుత్వం పెట్టిన కంజిల జాబితా) కున్ ఉచ్చారణ, అంటే అచ్చ జపనీస్ మాటగా చదవడం, లేదు, ఉన్నది ఒక్క "కో"నే. పైగా ఇది మామూలు మాటగా విడిగా నిలబడదు, ఎప్పుడూ ఇంకో అక్షరం భుజం పట్టుకునే నడుస్తుంది. మీరు దాన్ని ఒంటరిగా కార్డు మీద పెట్టి చదువుతున్నారు, అలా అది వాక్యంలో ఎప్పుడూ కనబడదు. మగపిల్లల పేరుగా వచ్చినప్పుడు మాత్రం ఒక్కటే నిలబడి "వతరు" అని పలుకుతుంది, దాటు అన్న అర్థంలో. అది పేర్ల సంగతి, పరీక్షకు పని లేదు.

ఇంకో మాట. కొన్ని పాత పుస్తకాల్లో ఇది 4వ తరగతి కంజి అని, కొత్తవాటిలో 5వ తరగతి అని ఉంటుంది, రెండూ చూసి కంగారు పడకండి. 2020లో అక్కడి ప్రాథమిక పాఠశాల జాబితా మారింది. ప్రిఫెక్చర్ల (మన రాష్ట్రాల్లాంటివి) పేర్లన్నీ పిల్లలు కంజిలో రాయగలగాలని 20 అక్షరాలు కొత్తగా 4వ తరగతిలో చేర్చారు, మొత్తం 1006 కాస్తా 1026 అయింది. ఆ బరువుకి 4వ తరగతి నుంచి కొన్నింటిని పై తరగతులకు జరిపారు, అందులో మన కో ఒకటి.

చేత్తో రాయండి. పడవ విడిగా ఉన్నప్పుడు మధ్య అడ్డగీత రెండు పక్కలకూ పొడుచుకొస్తుంది, ఇలా ఎడమ భాగంగా ఇరుక్కున్నప్పుడు కుడివైపు బయటికి రాకూడదు, లేకపోతే పక్కనున్న స్టూలుకి తగులుతుంది. ఇవి చెయ్యికి తెలిస్తే కన్ను మోసపోదు.

టైపింగ్‌రాజా
సార్, గౌరవంతోనే చెప్తున్నా, చేత్తో రాయడం దండగ. జెఎల్‌పీటీలో ఒక్క అక్షరం కూడా రాయించరు, అన్నీ బబుల్స్ దిద్దడమే. ఆఫీసులో టైపింగ్, ఇంట్లో ఫోను. నాకు అన్నిటికంటే పై స్థాయి ఎన్1 ఉంది, ఈ కోని కాగితం మీద రాయమంటే పడవ దగ్గరే ఆగిపోతా, అయినా చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. రాయడానికి పెట్టే టైములో పది పదాలు చదవొచ్చు.

పలకాబలపం
ఎన్1లో అడగరు కాబట్టి మీకు అలా అనిపిస్తోంది రాజా గారూ. ఎన్2లో హ్యోకి అని ఒక సెక్షన్ ఉంది, హిరగానాలో, అంటే శబ్దం మాత్రమే చెప్పే జపనీస్ అక్షరాల్లో, మాట ఇచ్చి సరైన కంజి ఎంచమంటారు. అక్కడ ఇచ్చే నాలుగు ఆప్షన్లూ అన్నదమ్ముల్లా ఉంటాయి. పడవ, చెయ్యి, మన్ను, చెట్టు, ఎడమ భాగం ఒక్కటే మారుతుంది. చేత్తో రాసినవాడికి అక్కడ టెన్షన్ ఉండదు.

టైపింగ్‌రాజా
అన్నదమ్ములంటే గుర్తొచ్చింది, అసలు కిటుకు అక్కడే ఉంది కదా. కుడివైపు స్టూలు భాగం అర్థం కోసం పెట్టలేదు, శబ్దం కోసం పెట్టారు. అది కనబడితే కో అనేయడమే. పడవ బదులు చెయ్యి పెట్టండి, తెయ్‌కోలో కో, అంటే ప్రతిఘటన. యాంటీబాడీ అంటే కోతై, యాంటీబయాటిక్ అంటే కోసెయ్ బుష్షిత్సు, అన్నీ ఆ చెయ్యి కోనే, కోవిడ్ టైములో జపాన్‌లో ఉన్నవాళ్లు రోజూ చూసిందే. చెయ్యి బదులు మన్ను పెట్టండి, తాంకో, బొగ్గు గని. మూడు అక్షరాలు, ఒకే ఉచ్చారణ. ఎడమది దేని గురించో చెప్తుంది, కుడిది ఎలా పలకాలో చెప్తుంది. ఇది తెలిశాక పడవని చూసి ఫునే అనాలన్న ఆలోచనే రాదు మాధురి గారూ, ఎందుకంటే చదవాల్సింది కుడి పక్కని.

అన్ని కంజిలకూ ఇది పనిచేయదు. చెట్టు పెడితే కుయి, భూమిలో పాతే గుంజ. అది మాత్రం కున్‌లో పలుకుతుంది. హాంగ్‌ఝౌ నగరం పేరులో వచ్చినప్పుడు మళ్లీ కోనే, జపనీస్‌లో కోషూ అంటారు.

మధురవాడ_మాధురి
రాజా గారూ, ఇది ఏ యాప్ లోనూ చెప్పలేదు. యాప్‌లో పడవ మీద గొడుగు వేసుకుని స్టూలు మీద కూర్చున్న కెప్టెన్ కథ ఇచ్చారు. కథ బాగానే గుర్తుంది, ఉచ్చారణ మాత్రం అందులో ఎక్కడా లేదు.

స్వాతివాన
కథలంటే నాకిష్టమే గానీ అక్షరానికి సొంత చరిత్ర ఉన్నప్పుడు కొత్త కథ అల్లడం ఎందుకు? ఆ కుడి భాగం విడిగా కూడా ఒక అక్షరం, మెడ అని అర్థం. చైనా వాళ్ల 28 నక్షత్ర మండలాల్లో రెండోదానికి అదే పేరు. ఇప్పుడు అసలు సంగతి వినండి. మన నక్షత్రాలను చైనా మండలాలతో జతపరిచిన జ్యోతిష గ్రంథం ఒకటుంది, 8వ శతాబ్దంలో అమోఘవజ్రుడు చైనా భాషలోకి తెచ్చాడు, జపాన్‌లో సుకుయోక్యో అంటారు. అందులో చిత్తకు చైనా మొదటి మండలం, స్వాతికి ఈ మెడ అక్షరం, విశాఖకు ఆ తర్వాతది. నా యూజర్‌నేమ్ పడవ పక్కన కూర్చుని ఉందన్నమాట!

ఆ గ్రంథాన్ని జపాన్ తీసుకెళ్లింది ఎవరో తెలుసా, కూకై అనే బౌద్ధ సన్యాసి, 806లో చైనా నుంచి ఓడ మీద తిరిగొచ్చాడు. ఆయన పేరులో కూ అంటే ఆకాశం, కై అంటే సముద్రం. మన కో పక్కన కూ పెడితే కోకూ, కై పెడితే కోకై, అంటే సముద్రయానం. ఎన్2లో ఎక్కువగా కనిపించే రెండు మాటలూ ఒక్క మనిషి పేరులోంచి వచ్చేస్తాయి.

నగోయా_నాయుడు
స్వాతి గారూ, ఇది మాత్రం అదిరింది. కూకై మఠం పెట్టిన కోయాసాన్ కొండకి వెళ్లొచ్చాను, ఆ పేరుని ఇలా విడదీసి చూడాలని తట్టలేదు.

సరంగు
మర్చంట్ నేవీలో ఉన్నాను, వైజాగ్ వాడినే. జపాన్ రేవులకు చాలా ఏళ్లుగా పోతున్నాం, బ్రిడ్జి మీద మాట్లాడేది ఇంగ్లిషే అయినా చార్టుల మీద, నోటీసుల మీద ఈ అక్షరం కళ్ల ముందు తిరుగుతూనే ఉంటుంది. మీరంతా కోకై, కోకూ దగ్గరే ఉన్నారు గానీ మాకు రోజూ కనబడేది కోరో, అంటే ఓడ దారి. మామూలు మాటలో ఏ ఓడ దారైనా కోరోనే. చట్టం దగ్గరికొస్తే వేరు. జపాన్ సముద్ర రద్దీ భద్రతా చట్టంలో 11 కోరోలు ఉన్నాయి, టోక్యో అఖాతం, ఇసె అఖాతం, సెతో లోపలి సముద్రం అంతా కలిపి. చార్టు మీద గీసిన రోడ్లు అనుకోండి.

టోక్యో అఖాతంలోకి రావాలంటే ఉరగ సుయిదో కోరోలోంచి రావాలి, మియురా, బోసో ద్వీపకల్పాల మధ్య. 50 మీటర్లు, అంతకు మించిన ఓడ తప్పనిసరిగా ఆ గీతల లోపలే పోవాలి, మధ్యగీతకి కుడి పక్కనే, వేగం 12 నాట్లు (గంటకు 12 నాటికల్ మైళ్లు) దాటకూడదు. చుట్టూ చేపల పడవలు, అడ్డంగా ఫెర్రీలు. అది కాస్త నయం.

కురుషిమా కైక్యో కోరో అని ఇంకోటుంది, ఇమబరి దగ్గర, లోపలి సముద్రంలో. ప్రపంచంలో ఇలాంటి రూలు ఇంకెక్కడా నేను చూడలేదు. అక్కడ రెండు పాయలు, మధ్య పాయ ఒకటి, పడమటి పాయ ఒకటి. ప్రవాహం 10 నాట్ల దాకా ఉంటుంది, సుడులు తిరుగుతుంది. మీ ఓడ ప్రవాహంతో పాటు పోతుంటే మధ్య పాయలోంచి, ఎదురు పోతుంటే పడమటి పాయలోంచి వెళ్లాలి. మధ్య పాయ తిన్నగా ఉంటుంది, వెనక నుంచి నీరు తోస్తున్నప్పుడు చుక్కాని సరిగా పట్టదు కాబట్టి తిన్నని దారి వాళ్లకిచ్చారు. జపాన్ నావికులు దీన్ని నాలుగు కంజిల్లో బట్టీ పడతారు, జున్ చూ గ్యాకు సెయ్. అనుకూలం మధ్య, ఎదురు పడమర. ఆటుపోటు తిరగగానే దారులూ తారుమారవుతాయి, అంటే పొద్దున మీరెళ్లిన పాయలోకి సాయంత్రం ఎదురుగా వచ్చేవాళ్లు దిగుతారు. మామూలుగా ఓడలు కుడికి ఒదిగి ఒకదాన్నొకటి ఎడమ పక్కన దాటుకుంటాయి, ఇక్కడ ప్రవాహాన్ని బట్టి కుడి పక్కన దాటుకోవాల్సి వస్తుంది. ఒడ్డున పెద్ద కరెంటు బోర్డులుంటాయి, ఉత్తరానికి ఎన్ లేదా దక్షిణానికి ఎస్, ప్రవాహ వేగం అంకె, అది పెరుగుతోందో తగ్గుతోందో బాణం. అది చూసుకుని పోవాలి. కెప్టెన్లు కాఫీ కూడా ముట్టరు ఆ అరగంట.

ఇంకోటి, ఆఫీసర్లని కోకైషి అంటారు. చీఫ్ ఆఫీసర్ ఇత్తో కోకైషి, సెకండ్ నితో, థర్డ్ సంతో. కాగితం మీదే ఇదంతా, ఓడ మీద చీఫ్ ఆఫీసర్‌ని చొస్సా అని పిలుస్తారు, ఇంగ్లిష్ మాటే నలిగి అలా అయింది.

బోరబండ_బుల్లోడు
సరంగు అన్నా దండం. రోడ్డు మీద రాంగ్ రూట్ తెలుసు గానీ, నీళ్లు ఎటు పోతే అటు రాంగ్ రూట్ రైట్ రూట్ అయిపోవడం ఇదే వినడం.

మధురవాడ_మాధురి
సరంగు గారూ, కోరోకి ఇక కార్డు అక్కర్లేదు, ఆ కరెంటు బోర్డు బాణం కళ్ల ముందు కనబడుతోంది. మరి చుక్కానికి కంజిలో పడవే ఉంటుందా?

సరంగు
ఉంటుందమ్మా. కజి అంటారు, ఎడమవైపు ఇదే పడవ. కుడికి తిప్పు అంటే ఒమొకజి, ఎడమకు తొరికజి. పాత దిక్సూచిలో దిక్కులకు జంతువుల పేర్లుండేవి, ఉత్తరం ఎలుక, తూర్పు కుందేలు, పడమర కోడి. ఉత్తరానికి తిరిగి నిలబడితే ఎడమ చేతికి కోడి, అంటే తొరి. అందుకే తొరికజి. కుడి వైపు కుందేలు, అది ఉ. ఉ నో కజి నలిగి నలిగి ఒమొకజి అయింది.

నహా_నవ్య
ఓకినావాలో హోటల్‌లో పనిచేస్తున్నాను, తొకుతెయ్ గినో (నైపుణ్యమున్న విదేశీ కార్మికులకిచ్చే) వీసా మీద వచ్చాను. మీ అందరికీ కోకై ముఖ్యమేమో, నాకు మాత్రం ఈ అక్షరం అంటే కెక్కో. తుపాను సీజన్లో రిసెప్షన్‌లో రోజంతా అదే మాట. కెక్కో అంటే ఓడ గానీ విమానం గానీ రద్దు. మొదటి అక్షరం లోపించడం, రెండోది మన కో. రైలు రద్దైతే ఈ మాట వాడరు, ఉంక్యూ అంటారు. ఓడకీ విమానానికీ మాత్రమే కెక్కో.

ఇక్కడే ఇరుక్కుంటారు చాలామంది, ఎందుకంటే అదే శబ్దంతో ఇంకో కెక్కో ఉంది, దాని అర్థం అనుకున్నది అనుకున్నట్టు జరిపేయడం. ఊళ్లో ఆటల పోటీ పోస్టర్ మీద "ఉతెన్ కెక్కో" అని ఉంటే వాన పడినా జరుగుతుందని. రేవులో బోర్డు మీద కెక్కో ఉంటే ఇంటికెళ్లిపోమని. ఇంకా మూడోది, టీ కావాలా అంటే కెక్కో దెసు, వద్దులెండి అని. ఫోన్లో టైప్ చేస్తే నాకు ముందు వచ్చేది ఈ మూడోదే. రద్దు నోటీసు తయారుచేసేటప్పుడు పడవ బొమ్మ ఉందా లేదా అని చూసుకున్నాకే ప్రింట్ తీస్తాను.

పలకాబలపం
నవ్య గారు చెప్పింది బంగారం. అలాంటిదే ఉంకో. బస్సులు, రైళ్లు నడవడం ఒక ఉంకో, దాని రెండో అక్షరం "వెళ్లు". ఓడలు, విమానాలు నడవడం ఇంకో ఉంకో, దాని రెండో అక్షరం మన పడవ. చెవికి తేడా లేదు.

నగోయా_నాయుడు
షుక్కో కూడా వేసుకోండి. ఓడ బయల్దేరడం షుక్కో. మా ఐటీ వాళ్లకి మాత్రం షుక్కో అంటే వేరే కంపెనీకి డెప్యుటేషన్ మీద పంపడం, అక్షరాలు వేరు. మేనేజర్ పిలిచి షుక్కో అన్నాడంటే తెరచాప ఎత్తమని కాదు. ఓడ షుక్కోని మాత్రం నేను చుక్కానితో ముడిపెట్టుకున్నాను, చుక్కాని పట్టగానే షుక్కో. తెలుగువాళ్లకి తప్ప ఎవరికీ పనికిరాని కిటుకు.

ఆఫీసు కాగితాల్లో ఇంకో రెండు కనబడతాయి. తొకో అంటే విదేశాలకు ప్రయాణం, హెచ్ఆర్ ఫారంలో కైగై తొకో అని ఉంటుంది. కోకూకెన్ అంటే విమానం టికెట్. జపాన్ ఎయిర్‌లైన్స్ పేరు నిహోన్ కోకూ, కుదించి నిక్కో అంటారు, గుళ్లున్న నిక్కో ఊరికీ దానికీ సంబంధం లేదు. ఇంకో విమాన సంస్థ ఏఎన్‌ఏ పేరులో మాత్రం ఈ పడవ లేదు, జెన్ నిప్పోన్ కూయు, అక్కడ ఎడమవైపు బండి ఉన్న కంజి వస్తుంది.

టైపింగ్‌రాజా
ఎన్2 చదివే భాగానికి, వార్తలకి ఇంకోటి తప్పనిసరి. నాంకో. కష్టం ప్లస్ కో. తుపానులో ఓడ నడవడమనే అర్థం ఎప్పుడో పక్కకి పోయింది, ఇప్పుడు చర్చలు ముందుకు సాగకపోతే "కోషో గా నాంకో షితె ఇరు" అని రాస్తారు. పోలీసు దర్యాప్తు నత్తనడక నడిచినా నాంకోనే. మనం నట్టేట్లో ఉంది, ఇంకా గట్టెక్కలేదు అంటాం కదా, అచ్చం అదే వాడుక. ఇక్కడ నీళ్లుండవు, పడవ మాత్రం ఉంటుంది.

స్వాతివాన
నీళ్లు లేని పడవ ఇంకోటి, ఇప్పన్ అనే మాట. సాధారణ అని అర్థం, రోజూ వాడేదే. అందులో రెండో అక్షరంలో ఇదే పడవ ఉంది. హాన్న్యా షింగ్యోలో (బౌద్ధుల ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం) హాన్న్యా మొదటి అక్షరం కూడా అదే, అది మన ప్రజ్ఞ, ప్రాకృతం మీదుగా చైనా వెళ్లి అక్కడి నుంచి జపాన్ చేరింది. శబ్దం కోసం వాడుకున్నారు, పడవతో పనిలేదు.

పలకాబలపం
ఇప్పన్ ఇప్పుడు వద్దులెండి, ఆ అమ్మాయి మళ్లీ తికమక పడుతుంది.

నహా_నవ్య
మాధురీ, ఒక చిన్న టెస్టు. ఇషిగాకి రేవులో హతెరుమా ద్వీపానికి వెళ్లే బోటు దగ్గర ఇలాంటి నోటీసు చాలాసార్లు ఉంటుంది, చలికాలం గాలికి ఆ రూటు ఊరికే ఆగిపోతుంది. హతెరుమా అంటే జపాన్‌లో జనం ఉండే ద్వీపాల్లో దక్షిణపు కొస. తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, ఎక్కడెక్కడ మన కో ఉందో చెప్పి, అర్థం చెప్పు.

"హొంజిత్సు వా క్యోఫూ నో తమె జెంబిన్ కెక్కో ఇతషిమసు. మ్యోనిచి వా జోకెన్‌త్సుకి ఉంకో నో యోతెయ్ దెసు."

బోరబండ_బుల్లోడు
ఇవాళ టీ వద్దు, రేపు చూద్దాం.

మధురవాడ_మాధురి
ఇవాళ బలమైన గాలి వల్ల అన్ని ట్రిప్పులూ రద్దు. రేపు షరతులతో నడుస్తాయి. కెక్కోలో ఒకటి, ఉంకోలో ఒకటి, రెండు చోట్లా పడవ కో. క్యోఫూలో లేదు, అది గాలి. షరతులంటే ఏంటక్కా? ఎక్కువ డబ్బులు కట్టాలా?

నహా_నవ్య
భలే. డబ్బులు కాదు. బయల్దేరతాం గానీ అక్కడ అల ఎక్కువుంటే దిగనివ్వకుండా వెనక్కి తిప్పుకొచ్చేస్తాం, ఒప్పుకుంటేనే ఎక్కండి అని. విమానాలకీ ఇదే మాట, దిగలేకపోతే వెనక్కి రావచ్చు, వేరే ఎయిర్‌పోర్టులో దింపొచ్చు. ఇక్కడికి టూరుకొచ్చేవాళ్లు ఉంకో ఒక్కటే చదివి సంతోషంగా ఎక్కేస్తారు, ముందున్న జోకెన్ చూడరు.

మధురవాడ_మాధురి
అర్థమైంది. ఒంటరి కార్డు తీసేశాను. దాని బదులు కోకూ, కోకై, కోరో, కెక్కో, ఉంకో, తొకో, నాంకో, ఒక్కోదానికి ఒక వాక్యంతో పెడుతున్నా. కెక్కో, ఉంకో రెండింటికీ కవలల్ని కూడా వెనక రాసుకుంటున్నా. పలక సార్, చేత్తో కూడా రాస్తాను, రాజా గారు ఏమీ అనుకోకండి. ఇక పెద్ద ఓడ అనే "సెన్", యుద్ధనౌక "కన్", చిన్న బోటు "తెయ్", ఈ మూడూ అలాగే ఒకేలా కనబడుతున్నాయి, అవి కూడా ఇక్కడే అడగనా?

పలకాబలపం
వాటికి కొత్త థ్రెడ్ పెట్టమ్మా, ఇక్కడ కలిపితే తర్వాత వెతుక్కునేవాళ్లకి దొరకదు. టైటిల్‌లో "పడవ కంజిలు" అని రాయి. కన్ 21 గీతలు, కొంచెం పెద్ద కాగితం దగ్గర పెట్టుకో.

టైపింగ్‌రాజా
లేదా ఫోన్లో కన్ అని కొట్టు.